సౌండ్ తీసేసిన సినిమా

"ఇలా గుక్కపెట్టి ఏడిస్తే వీడి ఊపిరి ఆగిపోతుందేమో బాబాయిగారూ!" అంటూ పై వాటాలో ఉండే అమ్మాయి పసివాణ్ణి ఎత్తుకుని కింది వాటాలోకి పరుగెత్తుకొచ్చింది. టీవీ మెకానిక్ బాబాయి ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, ఒకదాంట్లో కూర్చుని జపాన్ సినిమా చూస్తున్నాడు. తెర మీద చేతికి బదులు రంపం బిగించుకున్న పంతులమ్మ దయ్యాల తలలు ఎగరగొడుతోంది. కుళాయి విప్పినట్టు నెత్తురు పైకప్పుదాకా చిమ్ముతోంది. సౌండ్ మాత్రం లేదు. ఎందుకని ఆమె ఇదివరకే అడిగింది. "తల ఎగిరినప్పుడల్లా మా ఆవిడ పక్కనుంచి పకపకా నవ్వేదమ్మా. ఆ అరుపుల్లో తన నవ్వు గుర్తుకు రాదు" అన్నాడు.

ఇప్పుడు పిల్లాణ్ణి అందుకుని కళ్లజోడు సర్దుకున్నాడు. "టీవీ గోల పెడుతుంటే మేం ముందు సౌండ్ తీసేసి బొమ్మ చూస్తాం. నువ్వూ చెవులు మూసుకుని వీణ్ణి చూడు."

ఆమె మూసుకుంది. వాడి పెదాలు గులాబీరంగులో ఉన్నాయి. కాళ్లు జోరుగా తంతున్నాయి. పిడికిలి బాబాయి చొక్కా గుండీని పీకుతోంది.

"బొమ్మ బాగానే ఉందా?" ఆమె చేతులు దించగానే అడిగాడు.

ఆమె తలూపి ఖాళీ కుర్చీలో కూలబడింది. తెర మీద ఇంకో తల ఎగిరింది. ఆమెకు పకాలున నవ్వొచ్చింది. బాబాయి చటుక్కున ఆ కుర్చీవైపు తిరిగి, ఆమెను చూసి, మెల్లగా తల దించుకున్నాడు.

ఇప్పటికీ పిల్లాడు గుక్కపెడితే ఆమె ముందు చెవులు మూసుకుని, వాణ్ణి చూస్తుంది.