రత్నం ఇంటి సీలింగ్

"ఆంటీ, స్టేజ్ మీద కూడా సీలింగ్ ఉందనుకునే ఆడాలా?"

అడిగింది విద్య, పదమూడేళ్ళ పిల్ల. 1984 దసరా కార్యక్రమం ముగిసింది. అమెరికాలోని ఎడిసన్‌లో అద్దెకు తీసుకున్న హైస్కూల్ ఆడిటోరియం వెనక గదిలో గజ్జెలు విప్పుకుంటూ అడిగింది. ఆ ఆంటీ డాన్స్ టీచర్ రత్నం.

ఏడేళ్ళుగా ఆమె ఇంటి ముందుగదిలోనే కూచిపూడి నేర్పుతోంది. సోఫా గోడకు నెట్టి, కార్పెట్ చుట్టేస్తే పన్నెండుమందికి చోటు. వచ్చిన చిక్కల్లా ఎత్తుతోనే: ఏడున్నర అడుగులు. పెద్దపిల్లలు చేతులెత్తి ఎగిరితే వేళ్ళు సీలింగ్‌కు కొట్టుకునేవి. "చెయ్యి చెవి దాటనివ్వకండి, తల దించండి" అని మొదట్లో జాగ్రత్తకు చెప్పింది. పోను పోను అదే పాఠమై కూర్చుంది. ఆ సాయంత్రం ముప్పై అడుగుల ఎత్తున కప్పున్న వేదిక మీద పన్నెండుమందీ ఒక్కసారిగా తలలు దించి, అరచేతులు చెవుల దగ్గరే ఆపి గెంతారు.

తెలుగు సంఘం పెద్ద రాధాకృష్ణ మైకు పట్టుకుని, "అమెరికాలో పుట్టినా ఎంత అణకువమ్మా ఈ పిల్లలకి!" అని మురిసిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. నెత్తికి దెబ్బ తగులుతుందన్న భయాన్ని సంస్కారమని మెచ్చుకోవడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు.

ఇంటికొస్తూ కార్‌లోనే రత్నం తేల్చేసింది. "ఏమండీ, సీలింగ్ ఎత్తించాలి. లేదంటే క్లాస్ మూసేస్తాను. వంకర నేర్పడం నా వల్ల కాదు."

భర్త భీమశంకర్ వంతెనల ఇంజనీరు. "సీలింగ్ పైనున్న ఆ అడ్డదూలాలే గోడల్ని పట్టుకున్నాయి రత్నం. కోసేస్తే కప్పు బరువుకి గోడలు బయటికి తోసుకుపోతాయి. మన వీధి చివరి చర్చి బేస్‌మెంట్ రెంట్‌కి తీసుకోరాదూ?"

"దాని సీలింగ్ చూశారా? మనదానికి తమ్ముడు!"

మర్నాడు ఆయనే నిచ్చెన వేసుకుని అటకెక్కాడు, టేపు పట్టుకుని. రెండు వారాలు లెక్కలు వేశాడు. కప్పు రెండు వాలులూ కలిసే వెన్ను కింద బలమైన దూలం పెట్టి, రెండు చివర్లా స్తంభాలు నిలిపితే అడ్డదూలాలు తీసేయవచ్చని తేలింది.

"మధ్యలో పదకొండు అడుగులొస్తుంది. కానీ వేడంతా పైకే పోతుంది. చలికి చస్తాం."

"ఆడేవాళ్ళకి చలేమిటండీ?"

"నేను ఆడనుగా!"

మరుసటి వేసవిలో మూడు వారాల్లో పని అయిపోయింది. కొత్త కప్పు కింద మొదటి క్లాస్. తాళం పడగానే పన్నెండు తలలూ ఎప్పటిలాగే దిగాయి. రత్నం నిచ్చెన తెచ్చింది. పాత సీలింగ్ ఉన్నచోటికి బెత్తెడు పైన ఒక గజ్జెను దారానికి వేలాడదీసి, "దీన్ని మోగించండి" అంది. తలెత్తి చూడకుండా అది అందదు. నాలుగు వారాలకు విద్య మోగించింది. అందరూ మోగించేసరికి ఏడాది పట్టింది.

భీమశంకర్ ఇప్పటికీ చలికాలమంతా ఇంట్లో రెండు స్వెట్టర్లు వేసుకునే తిరుగుతాడు. సీలింగ్ కోసం బ్యాంకులో తీసుకున్న పన్నెండు వేల డాలర్లలో, ఈ 1989 నాటికి ఇంకా ఐదు వేల రెండువందలు బాకీ ఉంది.