ఏడుగురు తాతలు

అమెరికాలో, బెంటన్‌విల్‌లో మా పై ఫ్లాట్‌లో ఉండే కజక్‌స్తాన్ ఆయనకి మాట్లాడుతూ వేళ్లు మడిచే అలవాటుండేది. ఏడు వేళ్లకి ఏడు తరాల తాతల పేర్లు. ఒకప్పుడు గుర్రాల మీద తిరిగిన వాళ్ల తుర్కిక్ సంచార తెగల్లో, ఎవరి బిడ్డవని అడిగితే ఊరు కాదు, ఆ పేర్లే చెప్పేవారట.

ఆ మధ్యాహ్నం టోర్నడో సైరన్ మోగింది. ఆయన ఆరేళ్ల కూతుర్ని ఎత్తుకుని కిందికి, నేను దాక్కున్న కిటికీల్లేని మా బాత్‌రూమ్‌లోకి వచ్చేశాడు. కరెంటు పోయింది. పైకప్పు మీద ఏదో విరిగిపడింది. పిల్ల ఏడుస్తుంటే ఆయన ఊరుకోబెట్టలేదు.

"తాతల పేర్లు చెప్పు."

పిల్ల వణుకుతూ ఐదో వేలి దగ్గర ఆగిపోయింది.

"మళ్లీ మొదట్నించి."

నాకు ఒళ్లు మండింది. "ఇప్పుడేం పాఠాలు బ్రదర్? భయపడుతోంది, వదిలెయ్యండి."

ఆయన తలుపు మీంచి చెయ్యి తియ్యలేదు. "నేను లేకుండా ఇది ఒక్కత్తే దొరికితే, ఎవరి పిల్లవని అడుగుతారు కదా."

ఈసారి పిల్ల ఏడో వేలూ మడిచింది. నా వైపు తిరిగి, "మరి మీవి?" అంది.

గోత్రమైతే గడగడా చెప్పేవాణ్ణి. పేర్లు మాత్రం ముత్తాత దగ్గరే ఆగిపోయాయి.

పిల్ల కళ్లు తుడుచుకుని, అచ్చం వాళ్ల నాన్నలాగే అంది: "మళ్లీ మొదట్నించి."