కొలతల్లేని నాలా, నోరున్న నేను

ఊళ్లు పట్టుకు తిరిగేవాడికి విశ్రాంతి అంటే స్నేహితుల ఇళ్లలో దిగి వాళ్ల పిల్లల పనులు పాడుచెయ్యడం. పోయిన వానాకాలం వెనకబట్టాక భిలాయిలో శశిధర్ ఇంట్లో దిగాను. వాడి కూతురు కిరణ్మయి ఆ ఊళ్లోని రుఆబాంధా పేటలోనే పుట్టింది. మనతో తెలుగే మాట్లాడుతుంది గాని మనసులో లెక్కలు హిందీలో వేసుకుంటుంది. కల్వర్టులు గీసే చిన్న సంస్థలో ఇంజనీరు.

ఉతై అనే ఊరి అవతల ఒక నాలా మీద కల్వర్టు కట్టాలి. అందులో వరద ఎంత వస్తుందో ఎవరూ ఎన్నడూ కొలవలేదు. ఆఫీసువాళ్లు పక్క నాలా కొలతలు తెచ్చి, తల్లిని చూసి పిల్లను చేసుకున్నట్టు, దీనికి రెండు పైపులు చాలన్నారు. చాలకపోతే నీళ్లు ఎగదన్ని మొదట మునిగేది గట్టు మీది బిసాహిన్ అనే ముసలమ్మ ఇల్లు. కిరణ్మయికి నమ్మకం కుదరలేదు. వెనకటి పెద్ద వరద ఏ ఎత్తుకు వచ్చిందో రుజువు దొరికితే, నాలా వెడల్పూ వాలూ కొలిచి, వచ్చిన నీరెంతో లెక్కకట్టవచ్చునట.

"ఆ మాత్రం నేనడగలేనా?" అని వెంటపడ్డాను. దారి పొడుగునా, నైలునది మెట్ల మీద నీటి ఎత్తు చూసి పన్ను విధించిన పూర్వుల సంగతి చెప్పాను. స్కూటీ నడుపుతున్నది తనే గనక పాపం, పారిపోలేకపోయింది.

ఇంటింటికీ వెళ్లి అడిగాను: "నీళ్లు పీకలదాకా వచ్చాయి కదా?" ప్రతి ఇంట్లోనూ "హవ్ బబా, హవ్" అని అవునన్నట్టు తలలూపారు. శాస్త్రానికి నా అవసరం ఇన్నాళ్లకు తెలిసింది కదా అని మురిసిపోయాను.

కిరణ్మయి నన్ను పక్కకు లాగింది. "ఏటి పెదనాన్నా! తెల్లగెడ్డమాయన అడిగితే కాదంటారేటి? పీకలోతొస్తే ఆ ఎత్తు మీది దుకాణం కూడా మునగాల, అదేమో తడవనే లేదంట. ఇది చెప్తే ఆఫీసులో నవ్వి, పైపులే ఖాయం చేసేస్తారు. మీరు స్కూటీ కాడ నిల్చోండి. చుప్‌చాప్!"

నిలుచున్నాను. నోరు మూసుకోవడం ఎంత పెద్ద వ్యాయామమో అప్పుడే తెలిసింది.

అమ్మాయి బిసాహిన్‌ను నీళ్ల సంగతే అడగలేదు. "ఆ రోజు వడ్లు ఎక్కడున్నాయి దీదీ?" అంది. ముసలమ్మకు వరదకంటే ఆ వడ్లే బాగా జ్ఞాపకం. "కోఠీలోనే నోనీ! సడ్ గే, అన్నీ కుళ్లిపోయాయి!" అంటూ లోపలికి లాక్కుపోయి మట్టిగాదె చూపించింది. ఏటేటా దీపావళికి గోడలన్నీ అలుకుతారు గాని గాదె వెనక్కి చెయ్యి పట్టదు. టార్చి వేస్తే అక్కడ, మొలలోతున, పాత బురద చార అలాగే ఉంది.

లెక్క తేలింది. నా పీకలోతు ఉత్త కోత. అయినా ఆ మొలలోతు వరదకే రెండు పైపులు ఏ మూలకూ చాలవు.

మర్నాడు పై అధికారి వచ్చాడు. గాదె వెనక తలదూర్చి, చొక్కా నిండా మట్టితో బయటికొచ్చి, పైపులు కొట్టేసి పెద్ద కల్వర్టు గియ్యమన్నాడు. కారెక్కబోతూ ఆగాడు.

"మిగతా నాలాలకూ అవే పైపులు రాశాం కదమ్మా? అవన్నీ మళ్లీ ఇలాగే చూడాలి."

కిరణ్మయి అరుగు మీద కూలబడింది. సాయం వస్తానని వెంటనే మాటిచ్చాను. ఇంతవరకూ తను అవునూ అనలేదు, కాదూ అనలేదు.