సైదులు ఎరుపు మానేసిన కారణం

మా సూర్యాపేటలో మైకు సెట్లు కిరాయికిచ్చే వాళ్ల మీద నాకొక ఫిర్యాదు ఉంది. మైకును ఒక్కరు కూడా నా ఎత్తుకు పెట్టరు. నేను కొంచెం పొట్టి. కొంచెం అనేది నా మాట, మా ఆవిడ లెక్క వేరు. ప్రతి సభలోనూ మునివేళ్ల మీద నిలబడి, కూతకు సిద్ధమైన పుంజులా మెడ సాచి మాట్లాడాల్సి వస్తుంది. అలాగని మైకును వదిలానా అంటే, లేదు. పిలిచిన ప్రతి సభకూ వెళ్లాను. పిలవని వాటికి కూడా ఒకటి రెండింటికి వెళ్లాను.

అలాంటి ఒక సభలో అన్న మాట ఏళ్ల తరబడి నా మీద కూర్చుని ఉంది. నవ్వులాటతో దించుదామని చూశాను, నాకు తెలిసిన విద్య అదొక్కటే. దిగలేదు. మీకు నేనెవరో తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. పేరు రాయడం లేదు. పేరు రాసేటంత ధైర్యమే ఉండి ఉంటే అసలు ఇది రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

సైదులు బొమ్మలు మీరు ఎక్కడో చూసే ఉంటారు. నీలి బర్రెలు, నీలి పొలాలు, నీలి ఆడవాళ్లు. హైదరాబాదులో డబ్బున్నవాళ్ల సోఫాల వెనక గోడల మీద ఆ బర్రెలే నిలబడి ఉంటాయని చెబుతారు. నాకు అతను పరిచయమైన రోజుల్లో, ఎనభైల్లో, ఆ బర్రెలు ఎర్రగా ఉండేవి.

కోదాడలో రోడ్డు పక్కన లారీలకు బాడీ కట్టే షెడ్లలో అతను బ్రష్షు పట్టాడు. రంగులో రంగు కలపడం అతనికి నామోషీ. డబ్బా మూత తీస్తే ఎట్లా ఉందో అట్లాగే వేసేవాడు. నీడ లేదు, వెలుగు లేదు. చుట్టూ వెంట్రుకంత సన్నటి నల్ల గీత, లోపలంతా ఎరుపు. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు గోడ మీద వడ్లరాశిని ఎర్రగా వేస్తే, వడ్లు ఎక్కడన్నా ఎర్రగా ఉంటాయా అని సేటు కేకలేశాడట. నీ మిల్లు ముందర బస్సు ఆగదు కదా సేటూ, ఆగకుండా పోయేవాడి కంటికి కూడా తగలాలి కదా అన్నాడట ఇతను. సైదులు కళా సిద్ధాంతం మొత్తం అంతే. ఎరుపు దూరం నుంచి కనబడుతుంది.

వినయం ఒక్కటే అతని దగ్గర లేని రంగు. చిలకపచ్చ చొక్కా, జేబులో దువ్వెన. మూలన పెట్టే సంతకం ఒక్కోసారి బర్రె తలకాయంత ఉండేది. నాకు అతను నచ్చింది కూడా అందుకే. నేను కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. గొప్పలు చెప్పుకోవాలని ఉన్నా, చదువుకున్నవాడు చెప్పుకోకూడదని ఊరుకునేవాణ్ణి. అతనికి ఆ బాధ లేదు.

సూర్యాపేటలో ఒక బడి హాలు అడిగి, అతని బొమ్మలన్నీ పెట్టించింది నేనే. అతనికి అదే మొదటిసారి. జనం బాగానే వచ్చారు. మైకు ఎప్పటిలాగే నా నెత్తి మీద ఉంది. సైదులు గురించి, బస్సు గురించి, సేటు గురించి చెబితే సరిపోయేది. జనం నవ్వేవాళ్లు, ఇళ్లకు పోయేవాళ్లు. కానీ ఆ రోజు నాకు నవ్వులు చాలలేదు. నాట్లేసే ఆడవాళ్లున్న ఒక పెద్ద ఎర్ర పొలం బొమ్మ వైపు చెయ్యి చూపించి, ఈ ఎరుపు డబ్బాలోది కాదు, ఈ మట్టి కింద ఇంకా ఆరని నెత్తురుది, అది మళ్లీ పైకి వస్తున్నది అన్నాను. హాలు దద్దరిల్లింది. సైదులు కూడా చప్పట్లు కొట్టాడు. నేను దిగి వచ్చాక నా చెవి దగ్గరికి వంగి, ఆ బొమ్మ వేసేటప్పుడు అంత మాట తను నిజంగా అనుకున్నాడా అని నన్నే అడిగి తనే నవ్వాడు.

అప్పట్లో మా జిల్లాలో మెడలో ఎర్ర తువ్వాల వేసుకుని బస్సెక్కినవాణ్ణి కూడా పోలీసులు దింపి ఊరూ పేరూ అడిగేవాళ్లు. అది నాకు తెలియదా? తెలుసు. తెలియకపోతే ఆ మాటకు అన్ని చప్పట్లు వస్తాయని మాత్రం ఎట్లా తెలుస్తుంది?

వారం తిరగకముందే కాలేజీకి జీపు వచ్చింది. ప్రిన్సిపాల్ గదిలో ఒక ఎస్సై కూర్చుని ఉన్నాడు. ముందు టీ ఉంది. నాకూ ఒక కప్పు తెప్పించారు.

"సభల మాట్లాడింది నువ్వేనా?"

"నేనే సార్."

"నెత్తురు పైకొస్తదన్నవంట. ఎవని మాట అది?"

ఇక్కడ కొంచెం ఆగుతాను. అప్పుడు కూడా ఆగాను. ఆ కాస్త సేపట్లో నేను ఆలోచించింది నాకు అక్షరం అక్షరం గుర్తుంది, అదే అసలు బాధ. కంగారులో నోరు జారిందని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. లెక్చరర్‌ను. మా మేనమామ వకీలు. నా మాటే అని ఒప్పుకుంటే ఒక తిట్టు తిట్టి, టీ తాగించి పంపుతారని నాకు తెలుసు. నా మీద చెయ్యి వెయ్యరని తెలుసు. సైదులు మీద వేస్తారనీ తెలుసు. రెండూ తెలిసి, తూకం వేసుకుని, తిట్టు కూడా వద్దనుకున్నాను.

"ఆ బొమ్మలేసినాయన చెప్పిందే సార్. నేను మైకుల చెప్పిన, గంతే."

"చదువుకున్నోనివి. జర సూసి మాట్లాడు" అని లేచాడు.

నా టీ ఇంకా చల్లారలేదు. తాగాను.

ఆ సాయంత్రమే సైదులును తీసుకుపోయారు. మర్నాడు అతని భార్య నాగమ్మ కోదాడ నుంచి బస్సులో మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ మాటలు తన భర్తవి కావని, ఆయనకు అట్లా మాట్లాడటమే రాదని, నేను వచ్చి ఒక్కసారి ఆ సంగతి చెబితే వదిలేస్తారని గడపలోనే నిలబడి చెప్పింది. తెలిసినవాళ్లతో మాట్లాడతానని అన్నాను. ఇప్పుడే రావచ్చు కదా అంది. దిద్దాల్సిన పేపర్లు ఉన్నాయన్నాను. పేపర్లు లేవు. ఆమె వెళ్లాక మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ ఉన్నాను.

కొన్నాళ్లకు వదిలేశారు. వదిలే ముందు స్టేషన్ గోడలకు అతని చేతే సున్నం వేయించుకుని, బోర్డులన్నీ కొత్తగా రాయించుకున్నారట. ఈ సంగతి విని స్టాఫ్ రూములో నేనొక జోకు వేశాను. మా సైదులు లోపలికి పోయి గవర్నమెంటు కాంట్రాక్టు తెచ్చుకున్నాడయ్యా అని. అందరూ నవ్వారు. నేను వేసిన జోకులన్నిటిలో వెనక్కి తీసుకోవాలనిపించేది ఇదొక్కటే.

కొట్టారా అని అతన్ని అడగలేదు. అడిగితే చెబుతాడని భయం.

ఆ తర్వాత అతను ఎరుపు ముట్టలేదు. ఉన్న డబ్బాలన్నీ షెడ్డులో ఎవరికో ఇచ్చేశాడు. బర్రెలు నీలమయ్యాయి, నల్ల గీత మందమైంది. తొంభైల్లో హైదరాబాదు వాళ్లు ఆ నీలాన్ని చూసి ఆహా అన్నారు. ఆ మందపు గీతలో ఏదో పరిణతి ఉందన్నారు. పేరొచ్చింది, డబ్బూ వచ్చింది. కోదాడలో సన్మానం చేసినప్పుడు మాట్లాడమని నన్నే పిలిచారు. నేను వెళ్లాను. వెళ్లకుండా ఉండొచ్చు కదా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. మైకు అనేసరికి నా కాళ్లు ముందు పోతాయి, మనసు వెనక వస్తుంది. అంతకన్నా మంచి జవాబు దొరకలేదు.

ఎప్పటిలాగే మైకు ఎత్తులో ఉంది. వేదిక మీద కుర్చీలో ఉన్న సైదులు లేచి వచ్చి, నా కోసం దాన్ని కిందికి దించాడు. నా జన్మలో మైకును నా ఎత్తుకు దించినవాడు అతనొక్కడే. దించుతుంటే అతని కుడిచెయ్యి చూశాను. చూపుడు వేలు, మధ్య వేలు మడత పడటం లేదు. బ్రష్షును మిగిలిన వేళ్లతో గుప్పిట పట్టి వేస్తున్నాడన్నమాట. గీత మందమైంది అందుకు. సన్నటి గీత ఇక అతని వల్ల కాదు.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. జనం ఉన్నారు, మైకు సరిగ్గా నా నోటి దగ్గర ఉంది. నేను చెప్పిందేమిటంటే, ఎరుపులోని ఆవేశం నుంచి నీలంలోని శాంతికి ఈ కళాకారుడు నడిచి వచ్చాడని. చప్పట్లు కొట్టారు. ఈసారి సైదులు కొట్టలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని నా వైపు చూస్తూ కూర్చున్నాడు.

కిందటి నెల కోదాడ వెళ్లాను. అతను బొమ్మలతో హైదరాబాదు పోయాడని తెలిసే, ఆ రోజు చూసుకునే వెళ్లాను. ఇది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. నాగమ్మ వంటింట్లో బియ్యం చెరుగుతున్నది. పీట వేసింది. కూర్చుని మొత్తం చెప్పాను. నెత్తురు మాట నాదేనని, ఎస్సై ముందు సైదులు మీదికి తోశానని, ఆమె వచ్చిన రోజు పేపర్లు లేవని. గొంతు తగ్గించి చెప్పాను, పక్కింటికి వినబడకుండా. చెబుతుంటే ఛాతీలో ఏదో వదులవుతూ వచ్చింది. సిగ్గు పడాల్సిన సమయంలో హాయిగా ఉంది, ఆ హాయికి మళ్లీ సిగ్గేసింది.

ఆమె చేట ఆపలేదు. నేను చెప్పడం అయిపోయాక, రాళ్లు ఏరి పక్కన పడేసి, తలెత్తకుండానే అంది.

"గప్పుడు అందరికి ఇనబడేటట్టు మైకుల చెప్పినవ్ గద సారూ. ఇప్పుడు నా ఒక్కదాని చెవుల చెప్తున్నవేంది?"