వైరు లేకుండా తిరిగిన సెల్ఫ్

దెయ్యం పట్టిందని నా షాపుకు తోలుకొచ్చిన బండ్లు చాలానే ఉన్నాయి. దానంతటదే హారన్ కొట్టే ఆటో, శ్మశానం మలుపు రాగానే లైట్లు ఆర్పేసే ట్రాక్టర్, డ్రైవరు చనిపోయిన దగ్గర్నుంచి స్టార్ట్ కాని వ్యాను. అన్నింట్లోనూ ఆ దెయ్యం నా చేతికి దొరికింది. ఎక్కువసార్లు ఎర్త్ తీగలో దొరికింది, ఒకసారి ఎలుక కొరికిన వైరులో దొరికింది. బానెట్‌కు నిమ్మకాయలు కట్టించుకుని వచ్చినవాళ్లతో, వాటితో పులిహోర కలుపుకొమ్మని చెప్పి పంపేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది విన్నాక నన్ను కూడా అలాగే వెక్కిరిస్తారేమో. వెక్కిరించినా ఫర్వాలేదు.

నేను కోరుట్లలో ఆటో ఎలక్ట్రీషియన్‌ని. ఆడమనిషి ఈ పని చేయడమేమిటని కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ నోరు తెరుస్తారు. బండి స్టార్టయ్యాక మూసుకుంటారు. నా భర్త మస్కట్‌లో ఉంటాడు, షాపు పూర్తిగా నాదే.

పని నేర్పింది మా బాపు, మా నాన్న. మాది సిరిసిల్ల. తాత దాకా మగ్గం నేసిన ఇల్లు. బాపు మాత్రం సాంచాల, అంటే మరమగ్గాల, మోటార్లు బాగుచేస్తూ చేస్తూ కార్ల సెల్ఫ్ మోటార్లలోకి దిగాడు. తాళం తిప్పగానే ఇంజన్ను తిప్పి లేపేది ఆ సెల్ఫ్ మోటారే. అది తిరగకపోతే ఎంత పెద్ద కారైనా నలుగురు తోయాల్సిందే. అన్న సాంచాలు చూసుకునేవాడు. నేను బడి నుంచి రాగానే సంచీ పడేసి బాపు పక్కన కూర్చునేదాన్ని.

బాపుకు ఒక పద్ధతి ఉండేది. మోటారు విప్పి బల్ల మీద పెట్టాక, విప్పే ముందు కాదు, దాని మీద ఎడమ చేయి ఆనించి బండి ఓనరును అడిగేవాడు. "నిజం చెప్పు, ఎప్పటి సంది గిట్ల జేస్తుంది?" నెల రోజులుగా బండిని తోయించుకుంటూ తిరిగినవాడు కూడా "ఇయ్యాల పొద్దుగాలనే" అనేవాడు. బాపు నా వైపు చూసి నవ్వేవాడు. బండి తన రోగం దాచదు బిడ్డా, ఓనరే దాస్తడు అనేవాడు. మోటారు మీద చేయి పెట్టి అడిగే అలవాటు అలాగే నాకూ వచ్చింది.

బాపుకు ఒక పాత తెల్ల డీజిల్ కారు ఉండేది. చూడటానికి దానికి ఏ అందమూ లేదు. కానీ నేను పని నేర్చుకున్నది ఆ బానెట్ కిందే. మొదటిసారి షాక్ తిన్నది దాని దగ్గరే, స్టీరింగ్ పట్టుకున్నదీ దానిదే. పోయేముందు బాపు నన్ను, అన్నను, వదినను మంచం దగ్గరికి పిలిచి ఒక్క మాట చెప్పాడు. "ఇల్లు, సాంచాలు కొడుకుకు. కారు నా బిడ్డకు." నాకు ఇంకేమీ అక్కర్లేదని అప్పుడే చెప్పాను. నిజంగానే అక్కర్లేదు.

దినాలయ్యాక కారు తీసుకెళ్తానంటే అన్న ఒప్పుకోలేదు. ఏడాది మాసికం అయ్యేదాకా పోయినవాళ్ల వస్తువు గడప దాటకూడదన్నాడు. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు కానీ ఆచారమంటే గౌరవముంది. సరేనన్నాను. మాసికం నాడు అడిగితే పెత్రమాస దాకా ఆగమన్నాడు. ఆ అమావాస్య నాడు పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చేది ఉంటుంది కదా, అదీ కానిమ్మన్నాడు. దానికీ సరేనన్నాను. తోడబుట్టినవాడి మాట మీద అనుమానపడటం నాకు చేతకాలేదు.

పెత్రమాస ఇంకా కొద్ది రోజులుందనగా ఒక మధ్యాహ్నం అన్న ఆ కారేసుకుని నా షాపు ముందుకొచ్చాడు. సెల్ఫ్ పడటం లేదు. సిరిసిల్లలో తోయించి స్టార్ట్ చేసుకుని, రుద్రంగి, కథలాపూర్ మీదుగా ఎక్కడా ఇంజన్ ఆపకుండా వచ్చాడట. అంత దూరం ఎందుకు తెచ్చావంటే ముఖం నిండా నవ్వాడు.

"నీ కారు నువ్వు గాక ఎవలు ముడుతరు చెల్లె? పెత్రమాస నాడు అందరం బాపు కార్లనే ధర్మపురి పోదాం. గోదావరిల తానం జేసి, బాపు పేరు మీద బియ్యమిచ్చి, అటెంక తాళం నీ చేతిల పెడ్త."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంగతి ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

పని మొదలుపెట్టాను. ఇక్కడి నుంచి ఏం చేశానో వరుసగా చెబుతాను, ఈ పని తెలిసినవాళ్లెవరైనా ఉంటే తప్పు పట్టొచ్చు. తాళం తిప్పితే టిక్కుమని కూడా అనలేదు. లైట్లు తెల్లగా వెలుగుతున్నాయి, హారన్ గట్టిగా మోగుతోంది, కాబట్టి లోపం బ్యాటరీలో లేదు. అయినా టెర్మినల్స్ విప్పి, గీకి, బిగించాను. ఎర్త్ పట్టీ మార్చాను. అన్నను తాళం తిప్పమని, సెల్ఫ్‌కు వచ్చే సన్న వైరుకు టెస్ట్ లైట్ పెట్టి చూశాను. లైట్ వెలిగింది. అంటే తాళం నుంచి మోటారు దాకా కరెంటు వస్తోంది. వచ్చినా మోటారు కదలదు.

బాపు చేసినట్టు కర్రముక్కతో మోటారు ఒంటి మీద మెల్లగా తట్టాను. లోపల కార్బన్లు ఇరుక్కుంటే ఆ దెబ్బకు లేస్తాయి. లేవలేదు. బండిని న్యూట్రల్‌లో పెట్టి, స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి రెండు లావు బోల్టులను కలిపాను. నిప్పురవ్వలు వచ్చాయి, మోటారు మాత్రం తిరగలేదు. ఇక దోషం మోటారులోనే ఉందని విప్పి బల్ల మీదికి తెచ్చాను.

బల్ల మీద బ్యాటరీకి వైర్లు కలిపానో లేదో, కీచుమని అరుస్తూ తిరిగింది. కొత్త మోటారు కూడా అంత జోరుగా తిరగదు. అయినా ఊరుకోక మొత్తం విప్పాను. కార్బన్లు బాగున్నాయి, బుష్‌లు బాగున్నాయి, రాగి మీద నల్ల మరక కూడా లేదు. తుడిచి, మళ్లీ కలిపి, కారుకు బిగించాను. తాళం తిప్పాను. చచ్చినట్టు పడుంది.

మళ్లీ విప్పాను. మళ్లీ బల్ల మీద తిరిగింది. మళ్లీ బిగించాను. మళ్లీ తిరగలేదు. నా చేతిలో ఏ సెల్ఫూ అంత మొండితనం చూపలేదు. పక్క మడిగెలో సీటు కవర్లు కుట్టే యూసుఫ్ చాచా చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి, నా బల్ల చివర కూర్చుని తమాషా చూడసాగాడు.

"ఏంది బేటీ, నీ బాపు బండే నీ మాట ఇంటలేదా?" అని నవ్వాడు. అన్నకు మాత్రం నవ్వు రాలేదు. మాటిమాటికీ ఫోన్ చూసుకుంటున్నాడు. ఎవరో ఫోన్ చేస్తే పక్కకెళ్లి మాట్లాడొచ్చాడు. సాంచాల పని ఏదో ఉందనుకున్నాను.

మూడోసారి విప్పి మోటారును బల్ల మీద పెట్టాను. ఈసారి వైర్లు కలపలేదు. రెండు వైర్లూ గోడకున్న మేకుకు తగిలించి ఉన్నాయి. బ్యాటరీ కింద నేల మీద ఉంది. ఈ ముక్క రెండుసార్లు చదవండి, ఎందుకంటే తర్వాత నేనే దీన్ని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. మోటారుకు ఒక్క వైరు కూడా లేదు.

అలవాటు కొద్దీ ఎడమ చేయి దాని మీద ఆనించి అన్నను అడిగాను. "నిజం చెప్పు అన్నా, ఎప్పటి సంది గిట్ల జేస్తుంది?"

"మొన్నటి సంది" అన్నాడు. ఆ మాట వరకు మామూలే. అప్పుడు నేను కొంచెం వేళాకోళంగానే ఇంకో మాట అడిగాను. "గింత కష్టపడి బాగుజేస్తున్న, పెత్రమాస నాడు కారు నాకే ఇస్తవు గదా?"

"బాపు మీద ఒట్టు. నీ కారు నీదే" అన్నాడు అన్న.

నా చేతి కింద మోటారు ఠక్కుమంది. ముందున్న పళ్లచక్రం బయటికి దూకింది, గిర్రున తిరిగింది. ఆ ఊపుకు మోటారు బల్ల మీద పక్కకు దొర్లి చాచా చాయ్ గ్లాసును తన్నింది. తర్వాత ఆగిపోయింది. కన్ను మూసి తెరిచేంత సేపే జరిగింది. కానీ బల్ల మీద పరిచిన రేకుకు ఆ పళ్లు గీరిన గీత ఇప్పటికీ ఉంది. వచ్చినవాళ్లకు చూపిస్తే ఉలి జారిందేమో అంటారు.

చాచా లేచి నిలబడ్డాడు. "యా అల్లా! వైరేది బేటీ? వైరే లేదు గదా!"

అన్న ముఖం పాలిపోయింది. ఏందది అని అడిగాడు. కరెంటు కొంచెం లోపల మిగిలిపోయుంటుందిలే అన్నాను. అది అబద్ధం. సెల్ఫ్ మోటారులో కరెంటు నిలవ ఉండే చోటే లేదు, వైరు తీయగానే అది ఉత్త ఇనుము, రాగి. అది బాపు నాకు చిన్నప్పుడే చెప్పాడు. అయినా అన్న భయపడుతున్నాడని, సముదాయించడానికి అలా అన్నాను.

మోటారు కారుకు బిగించి తాళం తిప్పాను. మొదటి దెబ్బకే ఇంజన్ లేచింది. ఆపి మళ్లీ తిప్పితే మళ్లీ లేచింది. అన్న తల కూడా ఎత్తకుండా కారెక్కి వెళ్లిపోయాడు. జగిత్యాల దిక్కు తిరిగాడు. సిరిసిల్ల పోయేవాడు అటెందుకు తిరిగాడా అని ఒక్క క్షణం అనిపించింది. డీజిల్ పోయించుకుంటాడేమో అనుకుని ఊరుకున్నాను.

పెత్రమాస నాడు పొద్దున్నే తలస్నానం చేసి, బియ్యం, పప్పు, కూరగాయలు మూట కట్టుకుని షాపు గడప మీద కూర్చున్నాను. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఫోన్ చేస్తే అన్న ఎత్తలేదు. చివరికి బస్సెక్కి సిరిసిల్ల వెళ్లాను.

ఇంటి ముందు కొత్త కారుంది. టైర్ల కింద నలిగిన నిమ్మకాయలు, ముందు అద్దానికి బంతిపూల దండ. బాపు కారు లేదు. వదిన నన్ను చూసి నివ్వెరపోయింది. "నీకు మీ అన్న చెప్పలేదా? పాతది అమ్మేసిండు గదా!" అంది. పాపం, ఆమెకు నిజంగానే తెలియదు, నాకు చెప్పే అమ్మాడనుకుంది.

కొన్నది కోనరావుపేట మనిషని వదినే చెప్పింది. సెల్ఫ్ పడితేనే తీసుకుంటానన్నాడట. జగిత్యాలలో బంధువుల ఇంట్లో ఉండి, ఆ మధ్యాహ్నం మా అన్న కోసమే ఎదురుచూశాడట. నా షాపులో అన్నకు వచ్చిన ఫోన్ అతనిదే. అంటే నేను చెమటలు కార్చి బాగుచేసింది నా కారును కాదు, ఆ బేరాన్ని.

"పాత ఇనుముకు గింత ఏడుపా చెల్లె? ఇంటి ముంగట రెండు బండ్లకు జాగా యాడిది?" అన్నాడు అన్న. నేను ఏడ్చింది ఇనుము కోసం కాదు. అమ్ముతానని ముందే చెప్పి ఉంటే తిట్టేదాన్ని, పోట్లాడేదాన్ని, చివరికి సరే అనేదాన్నేమో. ధర్మపురి, గోదావరి, బియ్యం, బాపు పేరు, అన్నీ కలిపి నన్ను నమ్మించాడు. చచ్చిపోయిన మనిషి మీద ఒట్టేసి నా చేతులతోనే ఆ పని చేయించుకున్నాడు. తెచ్చిన మూట బాపు ఫోటో ముందు పెట్టి, మంచినీళ్లు కూడా ముట్టకుండా బస్సెక్కాను.

ఆ తర్వాత ఒకసారి ఆ కోనరావుపేట మనిషి ఇటువైపు పనిబడి వచ్చి, హారన్ మోగడం లేదని నా షాపు ముందే ఆపాడు. అది ఎవరి కారో, నేనెవరో అతనికి తెలియదు. సెల్ఫ్ ఎట్లుందని అడిగాను.

"సెల్ఫా? ఒక్కనాడు సుత సతాయించలే అక్కా. ముట్టుకుంటె లేస్తది" అన్నాడు.

హారన్ బాగుచేసి పంపాను. ఆ సెల్ఫ్ అంత బాగుండటమే నాకు ఎక్కువ బాధ. నిజంగా ఏదైనా లోపం ఉండి ఉంటే మళ్లీ బయటపడేది. అది మొండికేసింది ఆ బేరం నడిచినప్పుడే, నా ముందు ఆ ఒట్టు పడేదాకానే. బాపే ఆపాడని చాచా అంటాడు. అదే నిజమైతే, ఓనరు దాచింది బండి చెబుతుందని నేర్పినవాడు స్వయంగా వచ్చి చెప్పినా నేను వినలేదన్నమాట. కాదంటే వైరు లేని మోటారు ఎలా తిరిగింది? ఇన్నేళ్ల పనిలో నాకు తెలిసిన లెక్కలన్నీ వేసి చూశాను. ఏదీ కుదరలేదు.

మళ్లీ బతుకమ్మ పండుగ దగ్గరికొచ్చింది. నిన్న నేను షాపులో ఉండగా అన్న ఫోన్ చేశాడు. పోయినేడు పుట్టింటి చీర కూడా తీసుకోలేదని నిష్ఠూరమాడాడు.

"జరిగిందేదో జరిగింది చెల్లె. గా కారు మళ్లా కొనుక్కొస్త. నీకే ఇస్త. బాపు మీద ఒట్టు."

బల్ల మీద ఎవరిదో ట్రాక్టర్ సెల్ఫ్ మోటారు ఉంది. వైర్లు మేకుకు తగిలించి ఉన్నాయి. తెలియకుండానే నా ఎడమ చేయి వెళ్లి దాని మీద ఆనింది. అది కదల్లేదు. అన్న ఈసారి నిజమే చెబుతున్నాడో, ఒకసారి చెబితే వినని నాకు మళ్లీ ఎందుకు చెప్పాలని బాపు ఊరుకున్నాడో నాకు తెలియదు. ఫోన్‌లో అన్న "చెల్లె, ఇంటున్నవా?" అంటున్నాడు. నేను ఆ చల్లటి ఇనుము మీద చేయి తీయకుండా అలాగే నిలబడ్డాను.