బంతి ముట్టని ఆటగాడి తీర్పు

1968 జూన్‌లో నన్ను రేపల్లె దగ్గరి ఒక హైస్కూలుకు వ్యాయామోపాధ్యాయుడిగా వేశారు. పిల్లల మాటల్లో డ్రిల్లు మాస్టారు. ఆ చలికాలం స్కూళ్ల చెడుగుడు పోటీల నిర్వహణ నా నెత్తిన పడింది. ఫైనల్ మా స్కూలుకూ తెనాలి జట్టుకూ. ఉత్తమ ఆటగాడి కప్పు ఎవరికొస్తే వాళ్లే రాష్ట్ర ఎంపికలకు వెళ్తారు. అక్కడ నెగ్గితే కాలేజీలో ఆటల కోటా సీటు.

బాపట్లలో కోళ్ల పెంపకం నేర్పుతున్న ఒక అమెరికా యువకుణ్ణి ముఖ్య అతిథిగా పిలిచాం. హైస్కూల్లో చదివేటప్పుడు తమ దేశపు ఫుట్‌బాల్‌లో జాతీయ అవార్డు పొందాడట. పరిచయ ప్రసంగంలో చెప్పాలి కదా అని, ఎన్ని గోల్స్ కొట్టాడో మా ఇంగ్లీషు మాస్టారి చేత అడిగించాను. ఒక్కటీ లేదన్నాడు. వాళ్ల ఆటలో బంతిని చేత్తో పట్టుకుని పరుగెడతారట. ఎదుటివాళ్లకు అడ్డుపడి, బంతి పట్టినవాడికి దారి చేయడం ఇతని పని. తాను బంతి ముట్టనే లేదట. మరి అవార్డు దేనికిచ్చారో నాకు బోధపడలేదు. హెడ్మాస్టరు గారు మాత్రం, "ఎందుకొచ్చిన గొడవండి, గొప్ప ఆటగాడని చెప్పి దండెయ్యండి" అన్నారు.

మర్యాద కోసం ఉత్తమ ఆటగాణ్ణి ఎంచే పనీ అతనికే అప్పగించాం. మ్యాచ్ మేమే నెగ్గినా, కూతకు వెళ్లి ఎక్కువ పాయింట్లు తెచ్చింది తెనాలి సుబ్బారావు. కప్పు అతనిదేనని అందరం అనుకున్నాం. అమెరికా దొర మాత్రం మా జట్టులోని పేరయ్యను చూపించాడు.

పేరయ్యది సముద్రంలో వేటకు వెళ్లే కుటుంబం. ఆ రోజు ఒక్కసారీ కూతకు వెళ్లలేదు. కూతగాణ్ణి చుట్టే గొలుసు మధ్యలో నిలబడి అటూ ఇటూ ఉన్నవాళ్ల మణికట్లు పట్టుకుంటాడు, అంతే. ఆ పట్టు విడిపోదు కనక కూతగాడు చిక్కుతాడు. పాయింటు మాత్రం కాలు పట్టినవాడి పేరున పడుతుంది. తెనాలి మాస్టారు నా దగ్గరకొచ్చి, "ఏంటండి ఇది, దొర చెవిలో ఏం ఊదారు?" అన్నారు. ఊదేంత ఇంగ్లీషు నాకు లేదని ఆయనకూ తెలుసు. అయోమయంగానే పేరయ్య పేరు చదివాను.

ఎంపికలకు నేనే తీసుకెళ్లాను. అక్కడ ఒక్కొక్కరినే కూతకు పంపి చూశారు. పేరయ్య గీత దాటగానే దొరికిపోయాడు. గొలుసులో నిలబెట్టి చూడమని బతిమాలాను. అది పద్ధతి కాదన్నారు. తిరుగు బస్సులో పేరయ్య, "సార్, అక్కడ పట్టుకోడానికి నా పక్కన ఎవరూ లేరండి" అన్నాడు. బంతి ముట్టని దొర ఇతణ్ణే ఎందుకు ఎంచాడో నాకప్పుడు పూర్తిగా బోధపడింది. ఆ వేసవికి పేరయ్య వాళ్ల నాన్నతో పాటు వేట పడవెక్కాడు.

పదిమందిలో తెలిసే పనితనాన్ని ఒంటరిగా నిలబెట్టి పరీక్షిస్తే అది కనపడదు. తర్వాత ఎంపిక కమిటీల్లో కూర్చున్నన్నాళ్లూ, మొత్తం జట్టును నిలబెట్టి ఆడించకుండా నేను ఎవరి పేరూ కొట్టేయలేదు.