ఎర్ర లైటు వెలిగిన కల్లం

"ఏం ఉద్యోగమే నీది?" అని మా పక్కింటి అత్త ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. "యూనివర్సిటీలో అంటావు, పాఠాలు చెప్పనంటావు. సరుకు అమ్మిపెట్టే పని అంటావు, కొట్టు లేదంటావు. ఎవరన్నా అడిగితే నేనేం చెప్పను?"

నలుగురిలో నాకు మాట పెగలదు. అత్తకైతే అసలు చెప్పలేను. కాగితం మీద అయితే తేలిక. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో అధ్యాపకులు ఏళ్ల తరబడి కూర్చుని ఏదో ఒక వస్తువు కనిపెడతారు. దాని మీద పరిశోధన పత్రం వస్తుంది, పేటెంటు వస్తుంది, పేపర్లో ఫొటో కూడా వస్తుంది. ఆ తర్వాత ఆ వస్తువు బీరువాలోకి వెళ్లిపోతుంది. దాన్ని బీరువాలోంచి తీసి, తయారు చేసి అమ్మేవాళ్లెవరో వెతికి, వాళ్లతో ఒప్పందం కుదిర్చి బజారుకు చేర్చడం మా ఆఫీసు పని. ఆఫీసంటే పెద్దదేం కాదు. మెట్ల కింద గది, అందులో మా అధికారి, నేను.

చేరిన కొత్తలో నాకు పాత ఫైళ్లు ఇచ్చి చదువుకోమన్నారు. అది శిక్ష అనుకునే ఇచ్చి ఉంటారు. నేను మాత్రం చిన్నప్పుడు పాఠ్యపుస్తకం మధ్యలో నవల పెట్టుకుని చదివినంత ఇష్టంగా చదివాను. ప్రతి ఫైలూ మంచి ఊపులో మొదలై, ఎక్కడో ఆఖరి పేజీలు చిరిగిపోయిన కథలాగా ఆగిపోయేది. వాటిలో ఒకటి నన్ను వదల్లేదు. అది మిరపకాయల్లో తేమ చెప్పే కడ్డీ.

మా ఇంజినీరింగ్ కాలేజీ మేడమ్ ఒకావిడ తయారు చేశారు దాన్ని. మూరెడు స్టీలు కడ్డీ, దాని తలమీద సబ్బుపెట్టె అంత డబ్బా, డబ్బాకి రెండు లైట్లు. మిరపకాయల బస్తాలోకి గుచ్చితే, సరుకు నిల్వకి పనికొచ్చేంత పొడిగా ఉంటే పచ్చ లైటు, తడిగా ఉంటే ఎర్ర లైటు. తడి సరుకు కోల్డ్ స్టోరేజీకి వెళ్తే నెలల తర్వాత బయటికి తీసేసరికి లోపల బూజు పట్టి నల్లబడుతుంది. మామూలుగా తేమ చూడాలంటే కాయల్ని పొడి కొట్టి చూడాలి. మేడమ్ కడ్డీకి ఆ అవసరం లేదు.

చిక్కేమిటంటే, దాన్ని తయారు చేస్తామని ఎవరూ ముందుకు రాలేదు. ఈ మిర్చి సీజన్ ముగిసేలోపు ఎవరూ తీసుకోకపోతే పేటెంటు రుసుము ఇక కట్టేది లేదని, ఫైలు మూసేయమని పైనుంచి ఉత్తరం వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి వెళ్తే మేడమ్ నవ్వారు. "పోనీలే, నాతోపాటే అదీ రిటైరవుతుంది" అన్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆ కడ్డీని బీరువాలోకి పోనివ్వకూడదని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

హైదరాబాదు కంపెనీలకు మెయిళ్లు పెట్టాను. జవాబు లేదు. అప్పుడు మా నరసరావుపేట గుర్తొచ్చింది. మార్కెట్ దగ్గర ఒక పాత దుకాణం ఉంది. స్ప్రేయర్లు, పైపులు, సరుకు మీద కప్పే బరకాలు అమ్ముతారు. వెనక షెడ్డులో మెకానిక్ భాయ్‌ని పెట్టుకుని స్ప్రేయర్లు సొంతంగా బిగిస్తారు కూడా. ఎవరో ఎందుకు, ఆ దుకాణం ఆయనే ఎందుకు చేయకూడదు?

వెళ్లాను గానీ లోపలికి అడుగు పడలేదు. గిరాకీ తగ్గాక వెళ్దామని ఎదురుగా నిలబడ్డాను. గిరాకీ తగ్గలేదు. చివరికి ఆయనే గల్లాపెట్టె దగ్గర్నించి కేకేశాడు.

"ఏమ్మా, ఇందాకట్నుంచీ చూస్తన్నా. ఎండలో నిలబడి నా బోర్డు చదువుతన్నావు. అంత పెద్ద బోర్డు కూడా కాదే అది."

లోపలికి వెళ్లి, దారిపొడుగునా వల్లె వేసుకున్నదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన కడ్డీని అటూ ఇటూ తిప్పి, షెడ్డులోకి పంపాడు. భాయ్ డబ్బా విప్పి చూసి, బిగించడం తేలికేనని కబురు పంపాడు.

"మిషను బాగానే ఉందమ్మా. కానీ నాకు నచ్చితే ఏం లాభం? కల్లంలో రైతు చేతిలో పెట్టు. వాళ్లొచ్చి నన్ను ఇలాంటిది ఇంకోటి కావాలని అడగాల. అడిగితే నేను చేస్తా. అడక్కపోతే నువ్వు నన్ను మళ్లీ అడగమాక."

ఆయన షరతు అది. నకరికల్లు వైపు తన దగ్గర ఏటా బరకాలు కొనే ఒక ఇల్లాలి కల్లం ఉందని, అక్కడ చూపించమని ఆయనే చెప్పాడు. ఆమెని నేను పిన్నీ అని పిలిచాను. ఆ సేద్యమంతా ఆమె చేతి మీదే నడుస్తుంది.

బస్తాలు తొక్కే రోజు చూసి వెళ్లాం. మేడమ్ టోపీ పెట్టుకుని కారులో వచ్చారు. దుకాణం ఆయన స్కూటర్ మీద వచ్చి వేపచెట్టు కింద నిలబడ్డాడు. సరుకు చూసుకోవడానికి కమీషన్ వ్యాపారి కూడా అప్పుడే వచ్చాడు. కూలీలు ముఖాలకి గుడ్డలు చుట్టుకుని గోతాల్లోకి కాయలు ఎత్తుతుంటే, ఒకతను లోపల నిలబడి కాళ్లతో తొక్కి బిగిస్తున్నాడు. ఇక్కడ ఆ బస్తాని టిక్కీ అంటారు. ఘాటుకి నా కళ్లలోంచి నీళ్లు ధారకట్టాయి.

మేడమ్ మొదటి టిక్కీలోకి కడ్డీ గుచ్చారు. ఎర్ర లైటు. పక్కదానిలో గుచ్చారు. ఎర్ర లైటు. కడ్డీ తుడిచి మరోదానిలో పెట్టారు. అదీ అంతే. కల్లంలో ఏ టిక్కీలో పెట్టినా ఎర్ర లైటే.

వ్యాపారి ముఖం వెలిగిపోయింది. "చూశావా అక్కా, నేను చెప్తే నమ్మవు. మిషనే చెప్తంది. తడి సరుకు, రేటు తగ్గాల్సిందే."

పిన్ని నడుమున చెయ్యి పెట్టుకుని నా వైపు తిరిగింది. "ఏమే అమ్మాయ్, నా సరుకు మీద నా కల్లంలోనే సాక్ష్యం చెప్పించడానికా ఈ కడ్డీ మోసుకొచ్చింది?"

"నీళ్లు చల్లారా దీనిమీద?" అని మేడమ్ అడిగారు.

"చల్లకేం చేస్తాం? నిన్న సాయంత్రం చల్లి బరకం కప్పాం. గలగలమనే కాయని తొక్కితే పగిలి గోతంలో గింజలే మిగులుతై. ఈ చుట్టుపక్కల చల్లకుండా తొక్కినోళ్లని ఒకర్ని చూపించండి. మీ యూనివర్సిటీలో మిరపకాయలు తినరా ఏంది?"

కూలీలు గుడ్డల చాటున నవ్వారు. సంగతి నాకు అప్పుడు అర్థమైంది. ల్యాబుకి ఎప్పుడూ కల్లంలో ఎండిన కాయలే వెళ్లాయి. నీళ్లు చల్లి, కప్పి, మెత్తబడ్డ కాయ ఒక్కటీ వెళ్లలేదు. కడ్డీకి తెలిసినవి బాగా ఎండింది, చెడిపోయేంత తడిసింది, ఈ రెండే. తొక్కడానికి తయారైన కాయ దానికి పరాయిది.

వ్యాపారి సరుకు ముట్టుకోకుండా మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. "ముందు దాన్ని నా కల్లంలోంచి తియ్యండి" అంది పిన్ని. దుకాణం ఆయన స్కూటర్ స్టార్ట్ చేస్తూ, "సొంత సరుకు మీద చాడీలు చెప్పే మిషను ఎవడు కొంటాడమ్మా?" అన్నాడు. కోపంగా అనలేదు, జాలిగా అన్నాడు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

కారులో మేడమ్ ఒకే మాట అన్నారు. "అది తప్పు చెప్పలేదు. తేమ ఉంది, ఉందని చెప్పింది."

అదీ నిజమే. పిన్ని అన్నదీ నిజమే. డైరీ ముందు పెట్టుకుని రెండూ రాసి, వాటి మధ్య ఏం రాయాలో తెలియక ఆగిపోయాను. పిన్నిని నేను అడగవలసింది ఒకటి మిగిలిపోయిందని అప్పుడు తట్టింది. మర్నాడు పొద్దున్నే నకరికల్లు బస్సెక్కాను.

"మళ్లీ వచ్చావా? కడ్డీ ఏది?" అంది పిన్ని.

"తీసుకురాలేదు పిన్నీ."

"అయితే కూర్చో."

రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ల పక్కన కూర్చుని నేనూ ఏరాను. వేళ్లు మంటలెక్కాయి. ఎండ పైకొచ్చాక, తల వంచుకునే అడిగాను. "ఎన్ని నీళ్లు చల్లాలో ఎలా తెలుస్తుంది పిన్నీ?"

"గుప్పెట్లో పట్టుకుంటే తెలుద్ది."

"ఎప్పుడూ సరిగ్గానే తెలుస్తుందా?"

పిన్ని ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. పక్కనున్నామె కిసుక్కుమంది. "నిరుడు సంగతి అడుగు పాపా, నిరుడు."

"నిరుడు ఏమైంది?"

"ఏమైద్ది? కోల్డ్ స్టోరేజీలోంచి తీస్తే చానా టిక్కీలు బొగ్గులే. మీ పిన్ని గుప్పెట నిరుడు సెలవు పెట్టింది."

"నోరు ముయ్యవే" అంది పిన్ని. తర్వాత నా వైపు తిరిగింది. "ఎండని బట్టి, గాలిని బట్టి, కాయ రకాన్ని బట్టి మారుద్ది అమ్మాయ్. ఒక్కోసారి చెయ్యి చెప్పింది తప్పుద్ది. ఎవరికైనా అంతే."

నేను లేచి నిలబడ్డాను. వస్తువు సరైనదే. మేం దాన్ని గుచ్చిన చోటే తప్పు.

మేడమ్ గదికి వెళ్లేసరికి ఆవిడ పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంటున్నారు. గుమ్మం దగ్గర ఆగితే మాట రాదని తెలుసు కాబట్టి నేరుగా బల్ల దాకా వెళ్లి చెప్పాను. "బస్తాలో గుచ్చితే అప్పటికే అయిపోయింది మేడమ్. రైతు చేయగలిగేదేం ఉండదు, బేరగాడికి తప్ప దాంతో పని లేదు. తొక్కకముందు కుప్పలో గుచ్చితే, ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది. ఎక్కువైతే బరకం తీసి ఆరబెట్టుకుంటారు. ఇంకో లైటు కావాలి. తొక్కడానికి సరిపోయింది, ఇక చాలు అని చెప్పే లైటు."

"రెండు లైట్లకే నాకు ఎన్నేళ్లు పట్టిందో నీకు తెలుసా?"

"ఫైల్లో ఉంది మేడమ్. చదివాను."

ఆవిడ చేతిలో పుస్తకాన్ని పెట్టెలో పెట్టబోయి బల్ల మీదే పెట్టారు. "నాకు నీళ్లు చల్లిన కాయలు కావాలి. చల్లకముందు, చల్లగానే, పొద్దున తొక్కేముందు. ఒక్క కల్లానివి కాదు, నాలుగైదు చోట్లవి. సీజన్ అయిపోతోంది. ఎవరు తెస్తారు?"

"నేను తెస్తాను."

అన్నంత తేలిక కాలేదు. కవర్లలో మూటలు కట్టి, గోనెసంచిలో పెట్టుకుని, కల్లం నుంచి యూనివర్సిటీకి బస్సులో తీసుకెళ్లాలి. ఎవరి దృష్టిలోనూ పడకూడదని వెనక సీట్లో కూర్చునే మనిషిని నేను. మొదటి రోజే ఒక కవరు విచ్చుకుంది. ముందు ఒకాయన దగ్గాడు. తర్వాత పక్కావిడ. సత్తెనపల్లి దాటేసరికి బస్సు బస్సంతా దగ్గుతోంది.

"ఎవరమ్మా మిరపకాయలు?" అంటూ కండక్టర్ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. నేను చెయ్యెత్తాను. "ఎక్కడికి? ఏం తాళింపు పెడతావు వీటితో?"

"యూనివర్సిటీకండీ. పరీక్షకి."

"పరీక్ష మాకు పెడుతున్నావు" అంది ఆమె. బస్సు దగ్గుతూనే నవ్వింది. సంచి తీసి డ్రైవర్ పక్కన, గాలి బయటికి పోయే కిటికీ దగ్గర పెట్టించింది. తర్వాత్తర్వాత నన్ను చూడగానే, "పరీక్షలమ్మాయి వచ్చింది, ముక్కులు కట్టుకోండి" అని తనే ప్రకటించేది. సిగ్గుతో చచ్చిపోతానేమో అనుకున్నాను గానీ, ఏమీ కాలేదు.

మేడమ్ ఆ కాయల్ని తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ తూచి, కడ్డీ చెప్పినదానితో సరిచూసుకుంటూ వచ్చారు. అట్టపెట్టెల్లో సర్దిన పుస్తకాలు తిరిగి బల్ల ఎక్కాయి. డబ్బా మీద పచ్చకీ ఎరుపుకీ మధ్య పసుపు లైటు వచ్చి కూర్చుంది.

పిన్ని ఆఖరి కుప్ప తొక్కే పొద్దున కడ్డీ పట్టుకుని వెళ్లాను. ఈసారి నేను గుచ్చలేదు, పిన్ని చేతికిచ్చాను. ఆమె దాన్ని అనుమానంగా పట్టుకుని, బరకం అంచు ఎత్తి తూర్పు వైపు గుచ్చింది. పసుపు వెలిగింది. పడమటి వైపు ఎరుపు వెలిగింది.

"ఇక్కడ ఎవరే కుమ్మరించింది?" అని కూలీల మీద అరిచి, ఆ పక్క బరకం తీయించి కాయలు తిరగేయించింది. ఎండ కాస్త తగిలాక మళ్లీ గుచ్చింది. పసుపు. ఒక కాయ తీసి రెండుగా వంచింది, విరగలేదు. చెవి దగ్గర ఆడించింది. కడ్డీ వైపు చూసి, "నా చెయ్యీ ఇదే చెప్తంది" అంది. ఆ తర్వాత మెల్లగా, "పడమటి వైపు చెప్పలా" అంది.

కానీ దుకాణం ఆయన షరతు అలాగే ఉంది. ఒకరికి నచ్చితే చాలదు, ఇంకొకరు అడగాలి. కడ్డీ కొన్నాళ్లు ఉంచుకుని చుట్టుపక్కల వాళ్లకి చూపించమని పిన్నికి చెప్పి వచ్చాను. తిరిగి తీసుకోవడానికి వెళ్తే కడ్డీ లేదు.

"పక్క కల్లం వాళ్లు అడిగితే ఇచ్చా."

పక్క కల్లం వాళ్లు తమ బావగారికి ఇచ్చారు. ఆయన్ని అడిగితే, పెదకూరపాడు నుంచి వియ్యంకుడు వచ్చి రెండు రోజులని పట్టుకుపోయాడన్నాడు. బస్సులు మారి అక్కడికి వెళ్తే, వియ్యంకుడు కుప్ప మీద నిలబడి ఉన్నాడు. ఇవ్వడానికి అతనికి మనసు లేదు. "ఇది ఇచ్చేస్తే నాకెట్టా అమ్మాయ్? ఎక్కడ దొరుకుద్దో చెప్పు, కొనుక్కుంటా" అన్నాడు. నరసరావుపేట దుకాణం గుర్తులు చెప్పాను. అతని పక్కనున్న వాళ్లకీ చెప్పాను. అడగని వాళ్లకి కూడా చెప్పాను.

వారం తిరక్కముందే దుకాణం ఆయన ఫోన్ చేశాడు. "ఏమ్మా, ఏంది నీ ప్రచారం? పసుపు లైటు కడ్డీ ఉందా అని పొద్దున లేస్తే జనం. మీ కాగితాలు తీసుకురా."

సీజన్ ముగియకముందే లైసెన్సు ఒప్పందం అయింది. మేడమ్ సంతకం పెట్టి, కలం మూత పెట్టడం మరిచిపోయి అలాగే ల్యాబు కోటు జేబులో పెట్టుకున్నారు. ఫైలు మూసేయమన్న ఉత్తరానికి జవాబు నేనే రాశాను. సరుకు కోల్డ్ స్టోరేజీలోంచి బయటికి వచ్చే రోజు ఇంకా ఉంది. అది ఎలా ఉంటుందో అప్పుడు చూసుకోవాలి. కాయ రకాన్ని బట్టి లైటు సరిచేసే పని కూడా మిగిలే ఉంది.

భాయ్ బిగించిన మొదటి కడ్డీలు వచ్చిన రోజు దుకాణానికి వెళ్లాను. ఆయన వాటిని మీటర్లు, తక్కెడలు ఉన్న అరలో పెట్టలేదు. నీళ్లు చల్లే డబ్బాల పక్కన వేలాడదీశాడు. ఒక రైతు వచ్చి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"చాడీలు చెప్పే కడ్డీ ఇదేనా?"

"అదే. ఈ మధ్య దానికి బుద్ధొచ్చిందిలే" అన్నాడు దుకాణం ఆయన. "ఎట్టా వాడాలో ఈ అమ్మాయి చెప్తది."

అందరూ నా వైపు చూశారు. నలుగురికీ కలిపి చెప్పడం నాకు ఇప్పటికీ రాదు. లేచి వెళ్లి ఆ రైతు పక్కన నిలబడి అడిగాను.

"మీరు నీళ్లు ఏ వేళప్పుడు చల్లుతారండీ?"